ఇన్నమ్మ పుస్తకాల బుట్ట

చంకలో పుస్తకంతో చెంచి గుడిసెలోకి రాగానే ఇన్నమ్మ చేతిలో చేట కింద పడేసింది.

"ఎవరిదే అది?"

"పంతులమ్మగారిచ్చారవ్వా. చదువుకుని మళ్ళీ ఇచ్చెయ్యమన్నారు."

ఇన్నమ్మ మనవరాలి దగ్గర్నుంచి పుస్తకం లాక్కుని, కొంగులో చుట్టుకుని బడి పాకకేసి గబగబా నడిచింది.

విస్సన్నపేట దారిలో, మామిడి తోటల వెనక ఉన్న ఆ యానాది గూడేనికి బడి వచ్చింది పంతొమ్మిదివందల అరవైలో. పంతులమ్మ కల్యాణి నూజివీడు నుంచి రోజూ బస్సులో వస్తుంది. టౌన్లో తెలిసినవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, వాళ్ళ పిల్లలు చదివేసిన బొమ్మల పుస్తకాలు అడిగి తెచ్చి, పాకలో ఓ మూల లైబ్రరీ పెట్టింది. పిల్లలు సంబరంగా తలో పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళారు. కాసేపటికే అన్నీ వెనక్కి రావడం మొదలెట్టాయి. తెస్తున్నది పిల్లలు కాదు, పెద్దవాళ్ళు.

"ఏంటి ఇన్నమ్మా, నువ్వు కూడానా? పిల్లలు చదువుకోవడం మీకెవరికీ ఇష్టం లేదా?" కల్యాణి గొంతులో నిష్ఠూరం దాగలేదు.

"చదువుకోనివ్వండమ్మా. ఇక్కడే చదువుకోనివ్వండి. మా గుడిసెల్లో మాత్రం పరాయి వస్తువు ఉండకూడదు."

"నేనే ఇచ్చాను కదా!"

"మా ఆయనకీ ఆసామే ఇచ్చాడమ్మా, ఇత్తడి చెంబు. ఆ వారమే ఊళ్ళో దొంగతనం అయింది. పోలీసులు నేరుగా మా గూడేనికే వచ్చి, ఆ చెంబు చూసి దొంగసొత్తన్నారు. ఇచ్చిన ఆసామేమో తీర్థాలకి పోయాడు. ఆయన తిరిగొచ్చి చెప్పేదాకా మా ఆయన్ని కొడుతూనే ఉన్నారు. ఇంటికొచ్చాక మళ్ళీ సరిగ్గా నడవలేదు. మంచంలోనే పోయాడు."

కల్యాణి చెయ్యి చాపి పుస్తకం తీసుకుంది.

మర్నాడు బడి వదిలాక, అదే పుస్తకంతో ఇన్నమ్మ గుడిసె ముందుకొచ్చి నిలబడింది. "వెళ్ళేటప్పుడు నేనే పట్టుకుపోతాను. కాసేపు కూర్చోనా?"

ఇన్నమ్మ చాప పరిచింది. పిల్లలు చుట్టూ మూగారు. అడవిలో తల్లినుంచి తప్పిపోయిన జింకపిల్ల కథ అది. ఎండు పుల్లలు విరుస్తూ వింటున్న ఇన్నమ్మ కాసేపటికి విరవడం మానేసింది. జింకపిల్ల ఏటి ఒడ్డుకి చేరేసరికి రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. కల్యాణి పుస్తకం మూసి లేచింది.

"తల్లి దొరికిందా దానికి?" ఆత్రంగా అడిగింది ఇన్నమ్మ.

"రేపొచ్చి చదువుతాను ఇన్నమ్మా."

ఇన్నమ్మ మనవరాలి వైపు చూసింది, పుస్తకం వైపు చూసింది. "చెంచి చదవగలదుగా... ఇది ఉంచి వెళ్ళండమ్మా." అనేసిందే గానీ వెంటనే ఆ ఇత్తడి చెంబు గుర్తొచ్చింది. "ఎవరన్నా అడిగితే ఏం చెప్పను?"

"మాదే అని చెప్పు. గూడెం పిల్లల కోసమని అడిగి తెచ్చినవి, మీవి కాక ఎవరివి? ప్రతి పుస్తకంలో మొదటి పేజీ మీద ఆ మాటే రాసి సంతకం పెడతాను."

ఆ సాయంత్రం చెంచి కూడబలుక్కుంటూ చదువుతుంటే, తల్లి దొరికిన చోట ఇన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇరుగుపొరుగు విన్నారు. వారం తిరిగేసరికి గుడిసె గుడిసెకీ ఓ పుస్తకం చేరింది.

మామిడి కాపు రాగానే గూడెం ఖాళీ అయిపోయింది. కాపలా కోసం కుటుంబాలన్నీ పిల్లలతో సహా తోటల్లోకి మకాం మార్చాయి. బడికి సెలవులు. లైబ్రరీ ఇంక మూతపడినట్టేనని కల్యాణి దిగులుపడింది. ఇన్నమ్మ మాత్రం పుస్తకాలన్నీ బుట్టకెత్తుకుని తోట తోటకీ తిరగడం మొదలెట్టింది.

ఓ మధ్యాహ్నం సైకిలు మీద వెళ్తున్న పోలీసు ఆమెని ఆపాడు. "ఏయ్, ఏంటే బుట్టలో? కాయలా?"

ఇన్నమ్మ బుట్ట దించింది. అతను ఓ పుస్తకం తీసి పేజీలు తిరగేశాడు.

"ఎవరివివి?"

"మావే బాబూ. మా పిల్లలవి." తన గొంతు అంత గట్టిగా పలకడం ఆమెకే వింతగా తోచింది.

అతను ఇంకో నాలుగు బొమ్మలు చూసి, పుస్తకం బుట్టలో పెట్టేసి సైకిలెక్కాడు. అతను మలుపు తిరిగేదాకా చూసి ఇన్నమ్మ చెట్టుకింద కూలబడింది. కాసేపటికి బుట్ట మళ్ళీ నెత్తికెత్తుకుంది.

అవతలి తోటలోంచి పిల్లలు ఆమెని చూడనే చూశారు.

"అవ్వా! ఏనుగు పుస్తకం తెచ్చావా?"

"తెచ్చానర్రా! పరిగెత్తకండి, పడతారు!"