ఆరు టేపులు

ప్రెస్సులో అందరూ అతన్ని చాదస్తం అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది సొంత అక్కే. తాళం వేసి మూడుసార్లు లాగి చూసే మనిషిని ఇంకేమంటారు? కంప్యూటర్లు చూసుకోవడం అతని పని. వాటిలోని ప్రతి పేజీనీ టేపుల మీదకి ఎక్కించి, బీరువాలో పెట్టి, కంటికి రెప్పలా కాచేవాడు.

అక్క గొంతు కూడా ఆ బీరువాలోనే ఉండేది.

ఏడాదిన్నర కిందట, అక్కకి ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయాలని, ఆ తర్వాత మాట ఉండదని డాక్టర్లు తేల్చేశారు. గడువు మూడు వారాలు. అక్క ఏడుస్తూ కూర్చునే రకం కాదు. రోజూ మధ్యాహ్నం, భోజనాల వేళ మిషన్లు ఆగే ఆ గంటసేపూ, ప్రెస్సుకొచ్చి, కాగితం రీముల మధ్య స్టూలేసుకుని మైకులో కథలు చెప్పింది, జోలపాటలు పాడింది, "పాలు ఒలకబోస్తే వీపు చీరేస్తా" అని కేకలూ వేసింది. తమ్ముడు అదంతా కంప్యూటర్లో రికార్డు చేసి, ఆరు టేపులకి ఎక్కించాడు. అంతా తన పాప కోసమే. అప్పటికి పాపకి ఏడాదిన్నర. పెద్దయ్యాక తల్లి గొంతు ఎక్కడ గుర్తుంటుంది?

"మూడేళ్లు నిండిన రోజున వినిపించరా. అప్పటికి కథ అర్థమవుతుంది" అంది. ఆపరేషన్ తర్వాత అదే మాట పలక మీద రాసి మరీ గుర్తు చేసింది.

ఆ రోజు ఇంకా రెండు నెలలుందనగా, ఆ టేపుల్ని రాసి చదివే టేప్ డ్రైవ్ మూలగడం మొదలుపెట్టింది. అతనికి భయం పట్టుకుంది. ఊరంతా తిరిగాడు. సరికొత్తది యజమాని ఇచ్చే డబ్బుకి అందదు. చవకది ఒకటి ఉంది గానీ దాని టేపులు ఆ ఒక్క కంపెనీయే అమ్ముతుంది. రేపు ఆ కంపెనీ మూతపడితే? చివరికి ఒక రిపేరు షాపులో, తన పాత టేపుల్నే తీసుకునే రకం, బాగుచేసి ఏడాది గ్యారంటీతో అమ్ముతున్నది దొరికింది. పాత డ్రైవ్ ఇచ్చేస్తే ధర తగ్గిస్తారట. మెకానిక్ ప్రాణం అరగంట తోడేశాడు.

"పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇన్ని అడగరు సార్" అన్నాడు మెకానిక్.

పాతది ఇచ్చే ముందు రోజు ఆరు టేపుల్నీ దాంట్లోనే పెట్టి మొదటినుంచి చివరిదాకా చదివించాడు. ఒక్క తప్పు లేదు. కొత్తదానితో పాటు ఊరికే ఇచ్చిన ఖాళీ టేపు మీద, త్వరగా అయిపోతుందని కంప్యూటర్లో ఉన్న అక్క రికార్డింగుల్లో అన్నిటికన్నా చిన్న ఫైలు ఒకటి రాయించి చదివించాడు. అదీ భేషుగ్గా వచ్చింది. పాతది షాపులో అప్పజెప్పేశాడు. మిగతా ఖాళీ టేపులు వచ్చేవారం వస్తే అన్నీ మళ్లీ రాసుకోవచ్చులే అనుకున్నాడు.

ఇన్ని చూసిన మహానుభావుడు, పాత టేపుని కొత్త డ్రైవ్‌లో ఒక్కసారి పెట్టి చూడలేదు. ఏం పోయేకాలమో!

నాలుగో రోజు కంప్యూటర్లో హార్డ్ డిస్క్ పోయింది. అతను కంగారు పడలేదు, కాస్త గర్వంగానే బీరువా తెరిచాడు. మొదటి టేపు చదవలేదు. రెండోదీ అంతే. ఆరోదాకా ఒక్కటీ చదవలేదు.

మెకానిక్ టేపుల్ని తన దగ్గరున్న డ్రైవులన్నిట్లో పెట్టి చూశాడు.

"మీ పాతదాని తల, అదే టేపుకి ఆని రాసే ముక్క, కొంచెం వంగి ఉంటుంది సార్. వంకరగా రాసింది, వంకరగానే చదువుకుంది. అందుకే దానికి తప్పు కనబడలేదు. వేరే ఏదీ వీటిని చదవలేదు."

"అయితే నా పాతది నాకు ఇచ్చెయ్. ఎంతైనా తీసుకో."

మెకానిక్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఆ సాయంత్రమే విప్పేశాను సార్. మోటారు వాడుకున్నా. మిగతాది తుక్కులో పోయింది."

పాపం మంచివాడే. మూడు వారాలు ఒక డ్రైవ్ తలని వెంట్రుకవాసి చొప్పున వంచుతూ చూశాడు. టేపులు నలిగాయి గానీ ఒక్క మాట రాలేదు. పోయిన డేటా తీసిచ్చేవాళ్లకి పంపిస్తే, కుదరదని చీటీ పెట్టి తిప్పి పంపారు.

అక్కకి చెప్పక తప్పలేదు. చెప్పి, ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"తిట్టక్కా. ఎలాగోలా తిట్టు."

అక్క తమ్ముడి తల నిమిరి, పలక అందుకుని రాసింది: "ఆ చిన్న ఫైలు?"

పాపకి మూడేళ్లు నిండిన రోజు మధ్యాహ్నం, మిషన్లు ఆగాక, ఆ టేపు పెట్టాడు.

"ఒరేయ్ చాదస్తం, ఆపరా. గుక్కెడు నీళ్లు తాగొస్తా."

అంతే. అక్క ఒళ్లో ఉన్న పాప తలెత్తి చూసింది. "ఎవరు మామా?"

అక్క మళ్లీ పెట్టమని సైగ చేసింది. మళ్లీ పెట్టాడు.

పాప ఒళ్లోంచి జారి, మూలనున్న నీళ్ల డ్రమ్ము దాకా వెళ్లింది. దాని వెనక కూడా తొంగిచూసింది. తిరిగొచ్చి తల్లి మోకాళ్లు పట్టుకుంది.

"అక్కడ ఎవరూ లేరమ్మా."