మిగిలిన వేరు

"ముక్క ఉడికిందో లేదో కొరికి చూడు!" ముందు గదిలోంచి భర్త గిద్యోను కేకేశాడు.

అమ్మ పోయిన నలభయ్యో రోజు. ఇంట్లో ఆదరణ కూడిక జరుగుతోంది. అమ్మకు ఇష్టమైన కీర్తన ఎవరెవరో పాడుతుంటే, ఒక్కగానొక్క కూతురు అబిగయీలు పెరట్లో మాంసం గుండిగ దగ్గర నిలబడి ఉంది. వంటమనిషిని పిలుద్దామంటే అత్త ఎవాంజెలిన్ ఒప్పుకోలేదు. "మీ అమ్మ కూడికేగదా, నువ్వే చెయ్యి. కూతురు వండి పెట్టిందని పదిమందీ చెప్పుకుంటారు" అంది.

కొరికింది. దవడపంటి మీది తాత్కాలిక సిమెంటు, దానితోపాటు సగం పన్నూ ఊడి నాలుక మీద పడ్డాయి. ఉమ్మేసి, నోరు పుక్కిలించి, "ఉడికింది" అని చెప్పింది.

రూట్ కెనాల్ చేసినప్పుడే, పైన క్యాప్ వేయించుకోవడానికి రెండు వారాల్లో రమ్మని డాక్టరు నజ్మా గట్టిగా చెప్పింది. అత్తకు కంటి ఆపరేషన్, ఆడబిడ్డకు పురుడు, బళ్ళో పరీక్ష పేపర్లు, ఆ తర్వాత అమ్మ. మైపాడు నుంచి నెల్లూరికి గంట కూడా పట్టదు. ఆ గంట ఆమెకు దొరకలేదు. "నొప్పి లేదుగదా, ఏం తొందర?" అనేవాడు గిద్యోను. నరం తీసేశాక నొప్పి ఉండదు. నొప్పి లేదంటే ఆ ఇంట్లో ఇక ఆ సంగతి ఎవరికీ గుర్తుండదని ఆమెకు ముందే తెలుసు.

అమ్మకు నలభై ఏళ్ళకే దవడపళ్ళన్నీ పీకించాడు నాన్న. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు, సముద్రం ఒడ్డునే ఉంటూ, అందరికీ చేపలు వేయించిపెట్టి తాను చారన్నం మెత్తగా పిసుక్కుని మింగింది. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు, లోపలికి పోయిన ఆ బుగ్గలను అబిగయీలు ఒకసారి తడిమింది.

సోమవారం క్లినిక్కులో నజ్మా ఎక్స్‌రే చూపించింది. "వేరు గట్టిగానే ఉంది మేడమ్. దాంట్లోకి పోస్టు, అంటే సన్న కడ్డీ, దించి, పైన పన్ను కట్టి క్యాప్ వేస్తే నిలబడతాది. ఇంకో రెండుసార్లు రావాల. ఈసారి మానేస్తే మాత్రం పీకడమే."

పక్కనే నిలబడ్డ గిద్యోను నవ్వాడు. "ఎన్నిసార్లని తిరగాల డాక్టరమ్మా? వెనక పన్ను, ఎవురికి కనపడతాది? పీకేయండి. ఈమె ఇక్కడ కూర్చుంటే ఇంట్లో మాయమ్మకి అన్నం పెట్టేదెవురు? పాఠం చెప్పేదానికి దవడపన్నెందుకు?"

నజ్మా ఆయన వైపే చూసింది. "అయితే పీకేద్దామా సార్?"

అబిగయీలు నోట్లో దూది ఉంది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు నోరు తెరిచి జవాబు చెప్పమని నేర్పుతున్న మనిషి, నోరు తెరుచుకుని, తన పన్ను గురించి వాళ్ళిద్దరూ తేల్చుకోవడం వింటోంది.

దూది తీసి ట్రేలో పెట్టింది.

"పోస్టు వేయండి డాక్టరుగారూ." తర్వాత భర్త వైపు తిరిగింది. "మీరు ఇంటికి పొయ్యి అత్తమ్మకి అన్నం వండండి. ఈ ఒక్క రోజే కాదు, వచ్చే రెండు సోమవారాలు కూడా."