నరం దొరికిన మంగళవారం

నాగశ్రీకి పుట్టిన ఎనిమిదో నెల నుంచీ ఇదే వరస. తలసీమియా. మూడు వారాలకోసారి, మంగళవారం పొద్దున్నే, దువ్వాడ నుంచి బస్సెక్కి ఆస్పత్రికి వచ్చి రక్తం ఎక్కించుకోవాలి. ఇప్పుడు ఇరవయ్యేళ్లు. ఇన్నేళ్ల సూదిపోట్లకి చేతుల్లో నరాలు ఎక్కడో లోపలికి దాక్కున్నాయి.

వాటిని వెతికి పట్టుకునేది గురువమ్మ, ఆ వార్డులో పెద్ద నర్సు. గోరువెచ్చటి తడిగుడ్డ చేతికి చుట్టి, రెండు వేళ్లతో మెల్లగా తడుముతూ ఒక్కోసారి అరగంట కూర్చునేది. నరం దొరికేదాకా కబుర్లే. ఉక్కు ఫ్యాక్టరీలో నాన్న షిఫ్టులు, కాలేజీ గొడవలు, అమ్మకి చెప్పని సంగతులు కూడా నాగశ్రీ ఆమెకే చెప్పేది. "సిస్టరమ్మా" అని పిలిచేది.

మార్చిలో గురువమ్మ రిటైరైంది. తర్వాతి మంగళవారం శ్రీవల్లి అనే కొత్త నర్సు ఒక మిషన్ తోసుకొచ్చింది. దాని వెలుగు పడగానే నాగశ్రీ చేతి మీద నరాలు నల్లటి గీతల్లా తేలాయి. ఒక్కసారికే సూది దిగింది. నిమిషం పట్టలేదు.

"ఇన్నాళ్లూ ఎక్కడుందమ్మా ఈ మిషను!" అని అమ్మ పొంగిపోయింది. నాగశ్రీ కళ్లు తుడుచుకుంటోంది.

"నొప్పెట్టిందా?" శ్రీవల్లి కంగారు పడింది.

"లేదండీ."

నిజంగానే నొప్పి లేదు. శ్రీవల్లి అప్పటికే పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

ఆదివారం నాగశ్రీ ఒక్కతే మల్కాపురం వెళ్లింది. గురువమ్మ గుమ్మం ముందు చేపలు తోముతోంది. గబగబా చేతులు కడుక్కుని, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, అలవాటుగా మోచేతి మడత తడిమింది.

"ఇప్పుడెవులు గుచ్చుతన్నారే అమ్మడూ?"

నాగశ్రీ మిషన్ సంగతి చెప్పింది.

"మంచిదే కదేటి! నాను నిన్నెన్నిసార్లు ఏడిపించినానో. ఆకర్రోజున నాలుగు పోట్లు పొడిసినాను. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. కళ్లు ఆనట్లేదే నాకు."

"మీరు సూది పట్టుకోవద్దు సిస్టరమ్మా. ఊరికే వచ్చి నా పక్కన కూర్చోండి."

తడుముతున్న గురువమ్మ వేళ్లు ఆగిపోయాయి.

"రాలేనమ్మా. ఆ వార్డులోకెల్తే నా సేతులు ఊరుకోవు. కొత్తపిల్లని దాని పని సేసుకోనీ."

అన్నం తిననిదే కదలనివ్వలేదు. చేపల పులుసు వేసి, ముళ్లు తనే తీసి పెట్టింది. బస్సు కదిలేదాకా స్టాపులోనే నిలబడింది.

మూడు వారాలు తిరిగాయి. అమ్మ లేకుండా నాగశ్రీ ఒక్కతే వచ్చింది. ఈసారీ సూది ఒక్కసారికే దిగింది. మంచం పక్కనున్న స్టూలు తీసుకెళ్లబోతూ శ్రీవల్లి అడిగింది.

"మీకోసం ఎవరైనా వస్తారా?"

"రారండీ," అంది నాగశ్రీ. అన్నదే గానీ, రెండో రక్తం ప్యాకెట్ అయిపోయేదాకా, వార్డు తలుపు చప్పుడైనప్పుడల్లా అటే చూసింది.