నింకె ప్యాంటు

హార్లింగన్ ఓడల యార్డులో వెల్డింగ్ పనికి చేరిన వారానికే నింకెను మేస్త్రీ హెస్సెల్ ఆపేశాడు. ఆరడుగులు దాటిన పిల్ల. ప్యాంటు బూట్ల పైనే ఆగిపోవడంతో నిప్పురవ్వలు బూట్లలోకి పడుతున్నాయి.

"సోమవారానికి సరైన ప్యాంటు తొడుక్కురా. లేదంటే స్టోరులో బోల్టులు ఏరుకుందువుగాని."

"ఏం పొడుగమ్మాయ్, వరదొస్తుందని ముందే ఎత్తి కట్టావా?" అని తోటివాళ్ళు నవ్వారు.

కొట్లన్నీ తిరిగింది. పొడవు సరిపోయిన ప్యాంటు నడుములో ఇంకో మనిషి పట్టేలా ఉంది.

తండ్రి ఔకె తెరచాపలు కుట్టినవాడు. భార్య పోయాక కుట్టుమిషను ముట్టుకోలేదు. కూతురి ముఖం చూసి ఆ శనివారం దాని మీద కప్పిన గుడ్డ తీశాడు. మందపాటి డెనిం బల్ల మీద పరిచాడు.

"నాన్నా, అంచు బయటికి మడవకు. మడతలో రవ్వ నిలిస్తే అంటుకుంటుంది."

"కదలకుండా నిలబడవే, కొలత తప్పుతుంది" అన్నాడాయన, నోట్లో గుండుసూదులతోనే. తండ్రి అలా కసరడం విని ఎన్నాళ్ళయిందో! నింకెకు హాయిగా అనిపించింది.

సోమవారం హెస్సెల్ వంగి అంచు చుట్టూ వేలు తిప్పాడు. తెరచాపకు వేసే జంట కుట్టును పట్టి లాగాడు. దారం కదల్లేదు.

"ఎక్కడ కొన్నావ్?"

"కొనలేదు. మా నాన్న కుట్టాడు."

ఆరున్నర అడుగుల హెస్సెల్ ప్యాంటు అందని తన చీలమండల వంక చూసుకున్నాడు. "నాకూ ఒకటి కుడతాడేమో అడుగు."

"మీరే ఇంటికొచ్చి అడగండి. కాఫీ ఇస్తాడు" అంటూ నింకె తలెత్తుకుని తన పని దగ్గరకు నడిచింది.