రెండో అంతస్తు దగ్గర నాన్న

రోజూ కాలేజీకి వెళ్ళే ముందు ఆ అమ్మాయి రెండో అంతస్తులోని పళ్ళ డాక్టరు గదిలోకి వెళ్ళి, కిటికీ తెరిచి, బయట గాల్లో ఉన్న నాన్నకి టీ అందిస్తుంది. కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న వాళ్ళు కాళ్ళు కాస్త పక్కకి జరిపి దారిస్తారు.

నాన్న పెయింటర్. ఆరో అంతస్తు గోడకి రంగు వేస్తూ జారిపోయాడు. సరిగ్గా అప్పుడే కాలేజీలో ఫిజిక్స్ మాస్టారు బోర్డు మీద లెక్క రాశారు: ఇంత బరువున్న మనిషి ఇంత ఎత్తునుంచి పడితే నేలని తాకేటప్పుడు అతని వేగమెంత? క్లాసంతా చకచకా చేసేసింది. ఆ అమ్మాయికి మాత్రం సగంలో చెయ్యి ఆడలేదు. పెన్ను పక్కన పెట్టేసింది. నాన్న రెండో అంతస్తు దగ్గర ఆగిపోయాడు.

అప్పట్నుంచీ అక్కడే. కింద దర్జీ తన మిషన్ని అతని నీడలోకి జరుపుకున్నాడు.

"నొప్పిగా ఉందా నాన్నా?"

"నొప్పేం లేదు తల్లీ. లోపల మాత్రం ఇంకా పడుతూనే ఉన్నాను. నిద్రలో కూడా."

గ్లాసు తీసుకునేటప్పుడు అతని వేళ్ళు తగిలితే, వేగంగా పోతున్న బస్సు కిటికీ పట్టుకున్నట్టు ఆమె చెయ్యి అదిరేది.

పరీక్షలో ఆ లెక్కే వచ్చింది. వదిలేసింది, తప్పింది. సప్లిమెంటరీలోనూ అదే వచ్చింది. మళ్ళీ తప్పింది. మాస్టారు ఇంటికొచ్చారు.

"నువ్వు చేసేదాకా అదే వస్తుందమ్మా," అన్నారు మెల్లగా.

అమ్మ వంటింటి గుమ్మంలోంచి అడిగింది. "ఆయనలో ఉన్న ఆ ఊపు ఊరికే పోదాండీ?"

"పోదమ్మా. ఎవరో ఒకరు తీసుకోవాలి. నేలైనా, మనిషైనా."



మూడోసారి పరీక్షకి వెళ్తూ కిటికీ దగ్గర ఆగింది.

"రాసెయ్ తల్లీ," అన్నాడు నాన్న. "విసుగొచ్చేసింది. నా మూలంగా నీ చదువు పాడవ్వడం నాకిష్టం లేదు."

"టీ చల్లారిపోతోంది, తాగు నాన్నా."

హాల్లో ఆమె ముందు భవనం బొమ్మ గీసింది. నేల గీసింది. నేల మీద, చేతులు పైకి చాచిన ఒక చిన్న మనిషిని గీసి, పక్కన రాసింది: 'కింద కూతురు నిలబడి ఉంది. శక్తి ఆమెకు చేరును.' తర్వాత వేగం లెక్కకట్టి, జవాబు కింద గీత గీసింది.

బెంచీ కింద ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. కాపలా ఉన్న మేడం తలెత్తి చూసింది. ఆ అమ్మాయి పెన్ను మూత పళ్ళ మధ్య బిగించి, పేపరు మడిచి ఇచ్చేసింది.

అక్కడ నాన్న, బస్సు దిగినంత తేలిగ్గా నేల మీద కాలు పెట్టాడు. దర్జీ ఎండకి కళ్ళు చికిలించి, మిషన్ని లోపలికి లాక్కున్నాడు.

నాన్న పరుగున కాలేజీకి వచ్చేసరికి ఆమె గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"కాలికేమైంది?"

"లెక్కలో విరిగింది నాన్నా."

అతను వంగి, ఆమెని వీపు మీద ఎక్కించుకున్నాడు.

పాసయింది. కాలు అతుక్కుంది గానీ తిన్నగా రాలేదు. ఇప్పుడు తమ ఇంటి మెట్లు ఇద్దరూ కలిసే ఎక్కుతారు. ముందు ఆమె, వెనక నాన్న, ప్రతి మెట్టు దగ్గరా చేతులు కాస్త ముందుకి చాచి, ఆగుతూ.