తలుపు వెనక చోటు

మంచు వాలు మధ్యలో మా చినగంజాం ఇంటి వంటింటి తలుపు ఒక్కటే నిలబడి ఉంది, చుట్టూ గోడ లేదు, కింద గడప లేదు, అడుగున చెద తిన్న ఆ పాత మామిడి చెక్క తలుపే, గొళ్ళెం కూడా అదే, దాని వెనక్కి వెళ్ళి దాక్కోవాలని నేను గబగబా నడుస్తున్నాను, ఎందుకంటే పైనుంచి మా అమ్మాయి చందన దిగబోతోంది, అది బయల్దేరేటప్పుడు నేను ఎదురు పడకూడదు. అడుగేసిన చోటల్లా కాలు పిక్క దాకా దిగబడుతోంది. కాళ్ళకు హవాయి చెప్పులే ఉన్నాయి, అయినా చలి వెయ్యడం లేదు, ఎందుకు వెయ్యడం లేదా అని కూడా అనిపించడం లేదు.

తలుపు వెనక అప్పటికే ఒకరున్నారు. మా అత్తయ్య సూరమ్మ. పోయి ఆరేళ్ళయింది. ఉప్పు మడుల్లో పనికి వెళ్ళేటప్పటిలాగే చీర ఎగ్గట్టి, తలకు గుడ్డ చుట్టుకుని, తలుపు సందుకు ఒక కన్ను ఆనించి బయటికి చూస్తోంది.

"కాస్త జరగండి అత్తయ్యా," అంటున్నాను.

"ఎక్కడికి జరగమంటావే, ఇది ఒక్క మనిషికి సరిపోయే చోటు," అంటోంది తల తిప్పకుండానే. "అయినా ఇంత దూరం ఏం పని మీద వచ్చావు?"

"సెలవులకొచ్చాం. చందన తన జీతంతో తీసుకొచ్చింది. ఉమ వదిన వాళ్ళు కూడా వచ్చారు. హిమాలయాల్లో ఈ ఊరిని ఔలి అంటారు. కాళ్ళకి పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచు మీద జారతారు అత్తయ్యా, డబ్బులిచ్చి మరీ. ఇవాళ ఆఖరి రోజు. ఆఖరి రోజని అన్నిటికంటే పైనుంచి దిగుతానంటోంది. నన్ను కింద నిలబడి చూడమంటోంది."

"చూడు మరి."

"నడుం విరిగితే? తల దేనికైనా కొట్టుకుంటే? పరాయి ఊళ్ళో ఆసుపత్రి ఎటో కూడా తెలీదు. అసలే నేను ఎదురుపడితే..."

మిగతాది చెప్పనక్కర్లేదు. ఆమెకు తెలియనిది కాదు. మా ఆయన మురళి పోయాక మూడేళ్ళు ఆమే నేనూ ఒకే ఇంట్లో ఉన్నాం, ఇద్దరమూ భర్త పోయినవాళ్ళమే, చందన పరీక్షకు బయల్దేరుతుంటే ఆమె వంటింటి తలుపు చాటుకూ నేను దొడ్లోకీ వెళ్ళిపోయేవాళ్ళం, పక్కింటి ఉమ వదిన పసుపు రాసుకున్న ముఖంతో చెంబుడు నీళ్ళు పట్టుకుని పిల్లకి ఎదురొచ్చేది. ఇప్పుడు కూడా మా తలల మీదుగా లిఫ్టు కుర్చీలు వరసగా వెళ్తున్నాయి, ఒక కుర్చీలో ఉమ వదిన ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది, ఆ వెనక కుర్చీల్లో మనుషులు లేరు, ఉప్పు గంపలున్నాయి, గంపల్లోంచి తెల్లగా రాలుతోంది, రాలిన చోటల్లా మంచు పెరుగుతోంది.

అత్తయ్య వంగి గుప్పెడు తీసి నాలుక మీద వేసుకుంటోంది. "ఉప్పు ఇంకా పండలేదు. నీళ్ళెక్కువున్నాయి," అంటోంది, ఉమ్మేస్తోంది.

ఉమ్మడానికి ఇటు తిరిగినప్పుడు ఆమె బుగ్గ కనిపిస్తోంది. దాని మీద నిలువుగా ఒక గీత, కణత దగ్గర మొదలై దవడ దాకా. బతికున్నప్పుడు రోజూ పొద్దున ఆ గీత చూసేదాన్ని, చాప అచ్చు అనుకునేదాన్ని. అది తలుపు అంచు నొక్కుకున్న గీత అని ఇప్పుడు తెలుస్తోంది, తెలిసినా ఆశ్చర్యంగా లేదు.

"అత్తయ్యా, ఒకటి అడుగుతాను. ఆయన ఒంగోలు వెళ్ళిన రోజు మీరు ఈ సందులోంచి చూశారా?"

ఆ ప్రశ్న ఆమె ఉండగా అడగలేదు. అన్నం పెట్టేటప్పుడు, కాళ్ళు పట్టేటప్పుడు, ఆఖర్న మంచంలో ఉన్నప్పుడు కూడా గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. ఆ రోజు నేనే ఎదురొచ్చాను, తల్లో పూలు పెట్టుకుని, చేతిలో నీళ్ళ చెంబుతో. ఆయన ఒక గుక్క తాగి బండి తీశారు. మధ్యాహ్నానికి హైవే మీద నుంచి కబురొచ్చింది.

"చూశాను," అంటోంది అత్తయ్య, పప్పులో ఉప్పు వేశావా అంటే వేశానన్నట్టు. "ఆ రోజేమిటే, వాణ్ణి బళ్ళో వేసిన రోజు నుంచీ చూశాను. గడప దాటిన ప్రతిసారీ చూశాను. కన్నదాన్ని, చూడకుండా ఎట్టా ఉంటాను? చూసిన ప్రతి రోజూ సాయంత్రానికి ఇంటికొచ్చాడు. ఆ ఒక్కరోజు రాలేదు. మరి వచ్చిన రోజులన్నీ ఎవరి చూపు మంచిదే, విశాలా?"

కాళ్ళ కింద మంచు నీళ్ళ మడిలా తళతళమంటోంది, అందులో నా చెప్పులు కనిపించడం లేదు.

"మీ వల్లేనని అనుకున్నాను అత్తయ్యా."

"తెలుసు. నెల్రోజులు నా చారులో ఉప్పు ఎక్కువేశావు."

"అది తెలీక..."

"పోనీలే. నేనూ అనుకున్నాను, నువ్వు ఎదురు రాబట్టే అని. పూలు పెట్టుకుని మరీ వచ్చావు కదా, ఏం లాభం అనుకున్నాను. కొన్నాళ్ళు అనుకుని మానేశాను. ఎంతకని అనుకుంటాం, పనుండదూ?"

పైన ఎక్కడో ఈల వినిపిస్తోంది, చందన బయల్దేరబోతోందని నాకు తెలిసిపోతోంది, నేను అత్తయ్యను భుజంతో తోసి తలుపు చాటుకు దూరాలని చూస్తున్నాను, ఆమె నిజంగానే జరగడం లేదు.

"నాకు ఒక్కటే మిగిలిపోయింది," అంటోంది మెల్లిగా. "ఈ చాటు నుంచి ఎప్పుడు చూసినా వాడి వీపే కనపడేది. చొక్కా చిరిగిందా, కాలరు మాసిందా, అంతే. కొత్త చొక్కా తొడుక్కున్న రోజు ముఖం ఎట్టా పెట్టాడో నాకు తెలీదు. ఎదురొచ్చినోళ్ళకే ముఖం కనపడుద్ది."

అని, ఏదో గుర్తొచ్చినట్టు తలుపును రెండు చేతులా పట్టి మంచు మీద పడుకోబెట్టేస్తోంది. గొళ్ళెం టంగున మోగుతోంది. దాని మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని కొంగు నడుముకు బిగించుకుంటోంది.

"అత్తయ్యా, అది తీసుకెళ్తే నేనెక్కడ నిలబడను?"

"నిలబడ్డానికి ఇంత నేలుంటే తలుపెందుకే, పిచ్చిదానా. నాకవతల మడిలో నీళ్ళు పెట్టాలి, పొద్దెక్కింది," అంటోంది, కాలితో ఒక్క తన్ను తన్నుతోంది, తలుపు జారిపోతోంది, ఉప్పు మడుల మధ్య గట్టు మీదుగా వెళ్ళినట్టు తిన్నగా, తొణక్కుండా, తలగుడ్డ చిన్నదై చుక్కయ్యేదాకా. నేను తెల్లటి వాలులో ఏ చాటూ లేకుండా నిలబడి ఉన్నాను, పైనుంచి ఎరుపు కోటు ఒకటి పెద్దదవుతూ వస్తోంది, ముఖం ఇంకా కనిపించడం లేదు, కళ్ళు చిట్లించుకుని చూస్తున్నాను, ఇంకొంచెం, ఇంకొంచెం దగ్గరికి రావాలి.

మెలకువ వచ్చేసరికి హోటల్ బాత్రూంలో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాను. రాత్రంతా నిద్ర లేదు, పిల్ల బూట్లు తొడుక్కుంటోందని లోపలికొచ్చి గడియ వేసుకున్నాను, గీజర్ వేడికి తలుపు అంచుకు ఆనుకుని అలాగే కునుకు పట్టేసింది. బయట ఉమ వదిన గొంతు వినిపించింది.

"విశాల ఏదమ్మా?"

"ఎక్కడుంటుంది అత్తా, బాత్రూంలో. నేను బయల్దేరే టైముకి మా అమ్మకి రోజూ బాత్రూం వస్తుంది," అంది చందన. "మా నానమ్మకి వంటిల్లు వచ్చేది."

"ఊరుకో. పద, నేను ఎదురొస్తాలే."

గడియ తీశాను. చందన గది గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది, ఎరుపు కోటు, నెత్తిన హెల్మెట్. వీపే కనిపించింది. మంచానికీ గోడకీ మధ్య నుంచి ఓరగా దూరి, దాన్ని తప్పించుకుని వరండాలోకి వెళ్ళాను. ఉమ వదిన చేతిలో ఉన్న నీళ్ళ సీసా అడిగి తీసుకున్నాను. ఆమె పక్కకు జరిగింది. నాలుగడుగులు అవతలికి పోయి, మళ్ళీ ఇటు తిరిగి నడిచాను.

"నెమ్మదిగా దిగు. హెల్మెట్ పట్టీ చూసుకో. అది వదులైతే పైనుంచే వెనక్కి వచ్చెయ్యి, నేనేమీ అనను," అన్నాను. "నేను కింద ఉంటాను."

చందన సీసా అందుకుంది గానీ తాగలేదు. నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. తర్వాత గ్లవ్ తీసి, చల్లటి వేలితో నా కణత నుంచి దవడ దాకా రాసింది.

"ఇదేంటమ్మా, బుగ్గ మీద ఇంత గీత పడింది?"