వాగు దిక్కు

పంచాయతీ చెత్త ట్రాక్టరు చర్చి సందు మలుపు తిరిగేసరికి జోజి చొక్కా వీపున తడిసిపోయింది. తోలేదీ అతడే, దిగి బకెట్లు అందుకొని తొట్టిలో పోసేదీ అతడే. టాపు మీద కట్టిన మైకులో ఎవరో చదువుకున్న ఆడమనిషి గొంతు తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అంటూ, ఆరుబయటికి పోవడం సిగ్గుచేటు, మరుగుదొడ్డే ఇంటికి గౌరవం అంటూ పోతోంది. అయిపోగానే మళ్ళీ మొదటికొస్తుంది. ఏళ్ళ తరబడి విని విని ఆ మాటలు ఇంజను చప్పుడులో కలిసిపోయాయి. విశ్రాంతమ్మను తోడేలు కరిచినప్పటి నుంచే అతడికి మళ్ళీ విడిగా వినబడుతున్నాయి.

విశ్రాంతమ్మ అతడి భార్య. పోయిన నెలలో ఒక సందెవేళ తోడేలు ఆమె ఎడమ చేతిని మోచేతి కింద పట్టి గుంజింది. ఆమె అరుపులకు వదిలేసి పోయింది గానీ కండ ఊడింది. ఖమ్మం పెద్ద దవాఖానాలో కుట్లు వేశారు, సూదులు పొడిచారు. ఎక్కడ జరిగిందమ్మా అని డాక్టరు అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే జోజి చెప్పేశాడు, మిరపచేన్లో, కలుపు తీస్తుంటే అని. పంచాయతీ సెక్రటరీ శివకుమార్ పక్కనే నిలబడి ఉన్నాడు. అందుకే అన్నాడో, అలా వచ్చేసిందో అతడికే తెలియదు. అన్నాక ఆ మాట మింగడం కుదరలేదు.

ఆమెను పట్టింది చేన్లో కాదు. చేలు ఊరికి తూర్పున. తోడేలు పట్టింది పడమట, వాగు ఒడ్డున, సర్కారు తుమ్మల చాటున, పొద్దుగూకే వేళ ఆడవాళ్ళు చెంబులూ నీళ్ళ సీసాలూ పట్టుకొని పోయే చోట. ఆ పూట ఆమె ఒక్కతే పోయింది.

జోజి ఇంటి వెనక మరుగుదొడ్డి లేక కాదు. పంచాయతీ మనిషే ముందుండాలని ఊళ్ళో మొదట కట్టింది అతడికే. నీలం తలుపు ముందు మొగుడూ పెళ్ళాలను నిలబెట్టి ఫోటో తీశారు. గాంధీ జయంతినాడు బడిలో శాలువా కప్పారు. అంతకుముందు అతడి భుజాల మీద ఎవరైనా ఏదైనా వేశారంటే అది బస్తానే. ఏడాది తిరక్కముందే వానలకు గుంత నిండింది. ఊరి కాల్వల్లో మోకాటి లోతు దిగి బురద ఎత్తేవాడికి ఆ గుంత ఒక లెక్క కాదు. కానీ దిగలేదు. ఊరిది ఎత్తితే కొలువు, ఇంటికొచ్చి తనదీ ఎత్తుకుంటే ఇక బతుకంతా అదేనని ఒప్పుకున్నట్టనిపించింది. ఇంకో మనిషిని పిలుద్దామంటే, జోజి కూడా మనిషిని పెట్టుకున్నాడురా అని నవ్వుతారు. రేపు, మాపు అనుకుంటూ తలుపు మూశాడు. తర్వాత లోపల పత్తికట్టె పేర్చాడు. ఇప్పుడు ఆ కట్టె మీద కోడి పొదుగుతోంది. చాలా ఇళ్ళల్లో అదే కథ. అయితే ఆ ఇళ్ళవాళ్ళెవరూ మైకు కట్టుకొని ఊరంతా తిరగరు. వైరాలో హాస్టల్లో ఉండి చదివే కూతురు స్తుతి సెలవులకు రావడం మానేసింది. ఎందుకని వీళ్ళు అడగలేదు, ఆమె చెప్పలేదు.

పిచ్చమ్మ బూడిద బకెట్టుతో వాకిట్లో నిలబడి ఉంది. వరసకు అత్త. వంటిమీద తోలూ ఎముకలూ తప్ప మరేం లేని మనిషి. జోజి తల్లి చనిపోయిన ఏడాది అతడికి గంజి పోసింది ఆమే. గ్రానైటు క్వారీలో నడుము విరుచుకొని మంచాన పడ్డప్పుడు ఇటుక కాల్చి కాపడం పెట్టిందీ ఆమే. బకెట్టు అందిస్తూ గొంతు తగ్గించింది.

"అల్లుడా, ఒక మాట. తోడేలు భయానికి ఆడోళ్లమంత రోడ్డు పక్కకు పోతున్నం. బండి లైటు పడ్డప్పుడల్లా లేచి నిలబడాలె. ఈ మోకాళ్లతోటి నావల్ల అయితలేదు. వాగు దిక్కు పోవచ్చా?"

ఎదురింటి అరుగు మీద వీరేందర్, ఇంకో ఇద్దరు చాయ్ తాగుతూ ఇటే చూస్తున్నారు. వీరేందర్‌ది ఎరువుల దుకాణం. తోడేలును కాల్చి పారేయాల్సిందేనని ఊరిని కూడగట్టినవాడు.

"అది చేన్ల దిక్కు తిరుగుతున్నదత్తా," అన్నాడు జోజి. "వాగు దిక్కు ఏం లేదు."

"ఉన్నా నన్ను పడితే దానికేమొస్తదిలే. ఎముకలు కొరికి పండ్లూడగొట్టుకుంటది." పిచ్చమ్మ బోసినోటితో నవ్వింది. ఆమె ముఖంలో మోకాళ్ళ భారమంతా దిగిపోయినట్టు కనబడింది.

వీరేందర్ అరుగు మీద నుంచే అందుకున్నాడు. "జోజన్నా, మా వదినను కరిచినంక ఆ తోడేలే పోయి కుక్కసూదులు ఏయించుకున్నదంట గదా."

అందరూ నవ్వారు. జోజి కూడా నవ్వాడు. నవ్వుతూనే గేరు వేశాడు.

ఎండ ఎక్కకముందే పంచాయతీ ఆఫీసు ముందు జనం పోగయ్యారు. ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు అరుణశ్రీ జీపు దిగిందో లేదో మాటలు మొదలయ్యాయి. అడివిలో మెకానికి చట్టం ఉంది, మనిషికి లేదా అన్నాడు వీరేందర్. చంపే హుకుం తన చేతిలో లేదని, పట్టి దూరం తోలడమే తన పని అని ఆమె ఓపికగా చెప్పింది. ఏ తోడేలో తెలియకుండా తుపాకీ పేలిస్తే కరవనిది చచ్చి కరిచింది బతికిపోతుందని కూడా చెప్పింది. అసలు తోడేలే కాదు, ఊరకుక్క అన్నాడొకడు. దుమ్ములగొండి అన్నాడు మరొకడు. మొన్నటిదాకా గొర్లను అడివిలోకి రానియ్యలేదు, ఇప్పుడు మనుషులను ఇంట్లోంచి రానియ్యరా అని ఒక గొల్ల పెద్దాయన కర్ర నేలకు కొట్టాడు. కల్లూరు పోయి రోడ్డు మీద కూర్చుందామన్నదాకా వచ్చింది. జోజి గోడ నీడన నిలబడి అంతా విన్నాడు. ఇంతమంది ఇంత గట్టిగా కొట్లాడుతున్నది తను కల్పించిన ఒక మిరపచేను గురించి. ఒక్క మాటతో ఆపగలడు.

తర్వాత అరుణశ్రీ అతడిని చేనుకు తీసుకుపోయింది. గట్టు మీద ఇనుప బోను, లోపల ఎరగా కట్టిన మేకపిల్ల. వేపచెట్టుకు కెమెరా కట్టి ఉంది. ఇన్నాళ్ళకు అందులో పడింది ఊరకుక్కలు, ఒక నక్క. అంతే. ఆమె టోపీ తీసి చెమట తుడుచుకుంది.

"జోజీ, ఇంకోసారి చూపించు. మీ ఆవిడను సరిగ్గా ఎక్కడ పట్టుకుంది?"

"ఈడ కూసున్నది మేడం. కొడవలి అటు పడ్డది."

మొదటిసారి అడిగినప్పుడు ఉత్త చేను అన్నాడు. రెండోసారి సాలు చూపించాడు. ఈసారి కొడవలి కూడా వచ్చింది. అబద్ధం మిరపమొక్కలాగా తనంతట తనే కాపుకొస్తోంది. అరుణశ్రీ అక్కడ గొంతుకూర్చుని, ఏమీ జరగని ఆ మట్టిని అరచేత్తో తడిమి, అడుగుజాడ కోసం వంగి వంగి వెతికింది. కూతురికి అక్క వయసు పిల్ల. జోజి తన బూట్ల వైపు చూసుకున్నాడు. పంచాయతీ ఇచ్చిన రబ్బరు బూట్లు, పాదాలకు పెద్దవి. వేళ్ళ దగ్గర గుడ్డలు కుక్కుకొని తొడుక్కుంటాడు.

బోను ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంచి చూద్దామంది ఆమె.

అన్నానికి ఇంటికి పోతే విశ్రాంతమ్మ ఒంటిచేత్తో కూర కలుపుతోంది. దవాఖానా నుంచి వచ్చాక ఆమె ఎక్కువ మాట్లాడడం లేదు. ఆడవాళ్ళకన్నా చెబుతానని మొదట్లో రెండుసార్లు అంది. ఆడవాళ్ళకు చెబితే మైకులో చెప్పినట్టే అని అతడు వారించాడు. కొలువు తీసేస్తే ఏం తింటామన్నాడు. శాలువా సంగతి అనలేదు గానీ ఇద్దరికీ అదీ గుర్తుంది.

"వాగు దిక్కు ఎవలన్న పోతున్నరా?" అని అడిగింది, కంచం ముందు పెడుతూ.

"ఎవరు పోరు. అందరు రోడ్డుకే."

ఆమె అతడి ముఖం కేసి కొంచెంసేపు చూసి, మజ్జిగ పోసింది. సగం తిని లేచాడు. పొయ్యేటప్పుడు పిచ్చమ్మత్త ఇంటి ముందు ఆగి, అత్తా, అటు పోకు అని చెప్పేద్దామనుకున్నాడు. కారణం అక్కరలేదు, పోకు అంటే చాలు. అనుకున్నట్టే ఆ బజారున పోయాడు కూడా. పిచ్చమ్మ కొడుకు దూలయ్య వాకిట్లో మంచం వేసుకొని నలుగురితో కూర్చుని ఉన్నాడు. పొద్దుటి పంచాయతీ మాటే నడుస్తోంది. ఈ నలుగురి ముందు ఏమని చెప్పాలి? వాళ్ళు లేచాక వద్దామని ముందుకు పోయాడు. పాతబజారులో కాల్వ పూడిక తీశాడు. తీస్తూ తీస్తూ మరిచిపోలేదు. మరిచిపోయినట్టు పని చేశాడు.

పొద్దు గుంకేవేళ చేతిపంపు దగ్గర ట్రాక్టరు కడుగుతుంటే కేక వినబడింది. ఒకటే కేక. అదీ ఏ దిక్కుదో తెలిసేలోపే సగంలో తెగింది.

ఊరు ఒక్కసారిగా లేచింది. కర్రలు, గొడ్డళ్ళు, ఫోను లైట్లు. తోడేలు ఎక్కడుంటుందో ఊరందరికీ తెలుసు. బిలబిలమంటూ అందరూ తూర్పుకు, మిరపచేన్ల దిక్కు ఉరికారు. దూలయ్య అందరికంటే ముందున్నాడు. జోజి చేతిలోని బకెట్టు వదిలేసి, ఒక్కడే పడమటికి ఉరికాడు. బూట్లు కాళ్ళకు అడ్డం పడుతుంటే మధ్యలో విడిచేసి వట్టికాళ్ళతో ఉరికాడు. రండిరా ఇటు అని అరుస్తున్నాననుకున్నాడు గానీ నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

పిచ్చమ్మ తుమ్మల పక్కన ఒత్తిగిలి పడుకున్నట్టు ఉంది. మెడ దగ్గర తప్ప చీర కూడా చెదరలేదు. వాగు అవతల ఏదో బూడిదరంగుది పొదల్లోకి మెల్లగా నడిచిపోయింది, తొందర లేనట్టు. జోజి వంగి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టాడు. చాలాసేపు అలాగే పెట్టి ఉంచాడు.

జనం చేన్ల దాకా పోయి, ఏమీ లేక, వెతుక్కుంటూ ఇటు వచ్చేసరికి చీకటి పడింది. చేన్లో బోను దగ్గర కాపున్న అరుణశ్రీ కూడా వాళ్ళతోనే వచ్చింది. దూలయ్య తల్లిని చూసి కర్ర పట్టుకొనే కూలబడ్డాడు. కాసేపటికి, ఎవరూ అడగకుండానే అన్నాడు.

"పుల్లలకు వచ్చినట్టున్నది మేడం."

చుట్టుపక్కల ఒక్క పుల్ల లేదు. ఎవరూ ఆ మాట అనలేదు. వీరేందర్ తల అటు తిప్పుకున్నాడు. అతడి తల్లికీ పెళ్ళానికీ కూడా తెలిసిన చోటే ఇది. అరుణశ్రీ లైటు జోజి మట్టికాళ్ళ మీద ఆగింది.

"అందరూ చేను దిక్కు పోతే నువ్వొక్కడివి ఇటెట్ల వచ్చావు?"

జోజి ఆ కాళ్ళను వెలుతురులోంచి వెనక్కి జరుపుకున్నాడు.

"నన్ను పట్టింది గూడ ఈడనే మేడం." మగవాళ్ళను తోసుకుంటూ విశ్రాంతమ్మ ముందుకొచ్చింది. కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించి పట్టుకుంది. "పుల్లలకు కాదు, కలుపుకు కాదు. దొడ్డికి వచ్చిన. సిగ్గుపడి మేమే చెప్పలే."

మేము అంది. ఆయన అని అనలేదు. జోజికి ఆ ఒక్క మాట మోయడం అన్నిటికంటే బరువైంది.

దూలయ్య మెల్లగా తలెత్తాడు. "వాగు దిక్కు ఏం లేదని నువ్వు చెప్పినవంట. మా అమ్మ సంతోషపడ్డది," అన్నాడు. తిట్టలేదు. కొడతాడేమోనని జోజి చూశాడు, కొడితే బాగుండునని కూడా చూశాడు. దూలయ్య తల్లి కాళ్ళ దగ్గరికి జరిగి, చీర కుచ్చిళ్ళు మడమల దాకా సర్దాడు.

మంచం తెచ్చారు. ఆమెను ఎత్తడానికి నలుగురు అక్కరలేకపోయింది. జోజి కూడా వంగి ఒక కోడు పట్టుకున్నాడు. దూలయ్య ఏమీ అనకుండా ఆ చేతిని కోడు మీంచి తీసి పక్కకు పెట్టాడు. ఇంకెవరో వచ్చి పట్టుకున్నారు.

లైట్లు ఊరి దిక్కు కదిలాయి. విశ్రాంతమ్మ మంచం వెనకే పోయింది, తిరిగి చూడలేదు. బోను ట్రాక్టరు మీద వేసుకొని ఇక్కడికి తెమ్మని జోజికి చెప్పి అరుణశ్రీ కూడా వెళ్ళింది. అతడు సరే మేడం అన్నాడు. తుమ్మ మొదట్లో, బండరాయి మీద ఏదో మెరుస్తోంది. చెత్త ఎత్తే చెయ్యి అలవాటుగా అటు పోయి, మధ్యలో ఆగిపోయింది. పాత కూల్‌డ్రింకు సీసా, ఒలికిపోకుండా రాళ్ళ మధ్య జాగ్రత్తగా నిలబెట్టి ఉంది, మూత బిగించి, మెడ దాకా నీళ్ళతో.